కిటికీ గట్టు మీది చేపనూనె

నాకు జర్మనీలో మొదటి ఉద్యోగం దొరికిన మూడో వారంలో జరిగిందిది. అప్పటికి మేం బ్యోబ్లింగెన్ వచ్చి ఆరేళ్లయింది. మా ఆయన కార్లలో వాడే సాఫ్ట్‌వేర్ రాస్తారు. ఆయన ఉద్యోగం మీద ఆయన వచ్చారు, ఆయన వెనక నేను వచ్చాను. కాకినాడలో బయోకెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి, రెండేళ్లు కాలేజీలో పాఠాలు చెప్పిన నేను ఇక్కడ ఆరేళ్లూ భాష నేర్చుకుంటూ, పాపను ముందు కీటా అనే పసిపిల్లల బడిలో, తర్వాత పెద్ద బడిలో దింపి తీసుకొస్తూ, నా డిగ్రీ కాగితాలు ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు పంపుతూ గడిపాను. ఏ ఆఫీసులోనూ నన్ను ఏం చదువుకున్నావని అడిగినవాళ్లు లేరు, ఏ కాగితం తక్కువైందో చెప్పినవాళ్లే అందరూ.

అడిగింది మా తెలుగు కూడికలో వాళ్లు. ఆదివారం మధ్యాహ్నం ఇక్కడి జర్మన్ చర్చి వాళ్ల హాలు అద్దెకు తీసుకుని ప్రార్థన పెట్టుకుంటాం. కోస్తా నుంచి వచ్చిన కుటుంబాలు పదిహేను దాకా ఉంటాయి. నేను సైన్సు చదివానని తెలిసిన దగ్గర నుంచి పిల్లల జ్వరాలకీ, పెద్దవాళ్ల షుగరు రిపోర్టులకీ నా దగ్గరికే వచ్చేవాళ్లు. "డాక్టర్ సిస్టర్‌ని అడుగుదాం" అనేవాళ్లు. నేను డాక్టర్ని కానని మొదట్లో రెండు మూడుసార్లు చెప్పాను. తర్వాత చెప్పడం మానేశాను. ఆ పిలుపు నాకు బాగుండేది.

చేపనూనె మాత్రలు అలాగే మొదలయ్యాయి. ఒక చలికాలం అందరూ నీరసం, కీళ్ల నొప్పులు అంటుంటే, ఆడవాళ్ల కూడికలో నేను చిన్న పాఠం చెప్పాను.

"మనం పీల్చే ఆక్సిజన్‌లో కొంత దారి తప్పి మన కణాల మీదే పడుతుంది. దాన్ని ఆపడానికి ఒంటికి సొంత కాపలా ఉంది. కాలేయం తయారుచేసే గ్లూటాథయోన్ ఉంది. కణం గోడలో కూర్చుని ఉండే విటమిన్ ఇ ఉంది. కొన్ని ఎంజైములున్నాయి. చేపనూనె వేసుకుంటే ఆ కాపలాకి బలం వస్తుంది."

అందులో మొదటి మాటలన్నీ నేను చదివి, పరీక్ష రాసి, పిల్లలకు చెప్పినవే. చివరి మాట ఒక్కటే డబ్బా వెనక చదివింది. వినేవాళ్లకు ఆ తేడా తెలియదు. చెప్పేటప్పుడు నాకూ గుర్తు రాలేదు.

అందరూ నన్నే తెప్పించి పెట్టమన్నారు. పెద్ద డబ్బాలు తెప్పించేదాన్ని. నల్లటి డబ్బాలకు అల్మారాలో చోటు చాలక, మాత్రలన్నీ ఆవకాయ పెట్టుకునే పెద్ద గాజు జాడీలో పోసి వంటింటి కిటికీ గట్టు మీద పెట్టాను. కిటికీ కింద హీటరు. పొద్దున ఎండ వస్తే ఆ జాడీ తేనెరంగులో మెరిసేది. చూడ్డానికి అందంగా ఉండేది కూడా. అందులోంచి తీసి చిన్న చిన్న కవర్లలో కట్టి ఆదివారాలు పంచేదాన్ని. జాడీ సగమైతే పాతవాటి మీదే కొత్తవి పోసేదాన్ని. అలా ఒక చలికాలం, ఒక వేసవి, మళ్లీ చలికాలం మొదలు.

ఉద్యోగం వచ్చింది అప్పుడే. వంట నూనెలు పరీక్షించే చిన్న ల్యాబు. నా పై అధికారి అరవైకి దగ్గరపడిన జర్మన్ ఆవిడ, పొట్టి జుట్టు, తక్కువ మాట. మూడో వారం మొదట్లో ఆవిడ నాతో, "రేపు మీ ఇంట్లోంచి ఏదైనా నూనె తీసుకురండి. పెరాక్సైడ్ పరీక్ష చేయి తిరిగేదాకా మీ నూనె మీదే చేయండి" అంది. నువ్వులనూనె తీసుకెళ్దామనుకున్నాను. పొద్దున బయల్దేరేటప్పుడు జాడీ కనబడి, ఒక గుప్పెడు మాత్రలు చిన్న సీసాలో వేసుకుని వెళ్లాను. మంచి సరుకు చూపించాలని నాకు సరదా.

ఆ పరీక్ష తేలికైనదే. నూనెకు గాలి తగిలి పాడవుతున్నకొద్దీ అందులో పెరాక్సైడ్లు పేరుకుంటాయి. అవి ఎంత ఉంటే ఫ్లాస్కులో అంత అయోడిన్ బయటికొస్తుంది. పిండి నీళ్లు కలిపితే ముదురు నీలం వస్తుంది. పైనున్న గాజు గొట్టంలోంచి ఇంకో ద్రావణం బొట్టు బొట్టుగా వదులుతూ పోతే నీలం విరిగిపోతుంది. మంచి నూనెకు నాలుగు బొట్లు చాలు. ఎన్ని బొట్లు పడితే నూనె అంత పాడైనట్టు.

మాత్రలు కత్తిరించి నూనె పిండాను. నీలం వచ్చింది. బొట్టు వదిలాను. ఇంకో బొట్టు. పది బొట్లు. ఫ్లాస్కు తిప్పుతూనే ఉన్నాను. నీలం అలాగే ఉంది. గొట్టంలో ద్రావణం కళ్లముందే కిందికి జారుతోంది, ఫ్లాస్కులో రంగు మాత్రం సిరాలాగా నన్ను చూస్తోంది. నా మొదటి ఆలోచన నూనె మీదికి పోలేదు. "తప్పు చేశాను, ఉద్యోగం పోతుంది" అనుకున్నాను.

ఆవిడ వచ్చి నా భుజం పక్కన నిలబడింది. "నోఖ్‌మాల్" అంది. మళ్లీ చేయండని.

మళ్లీ చేశాను. ద్రావణం మార్చాను. ఫ్లాస్కు కడిగి ఆరబెట్టాను. మూడోసారి ఆవిడే చేసింది. ఆవిడ చేతిలో కూడా నీలం పోలేదు, చాలాసేపు పోలేదు. చివరికి పోయినప్పుడు గొట్టం మీది అంకె చూసి, కాగితం మీద లెక్క కట్టి, దాన్ని నా వైపు తిప్పింది. తినే నూనెకు ఉండకూడని హద్దు ఆ కాగితం మీదే అచ్చయి ఉంది. మా నూనె దాన్ని ఎప్పుడో దాటిపోయింది.

ఆవిడ ఒక మాత్ర తీసి పంటికింద కొరికింది. వెంటనే సింకులో ఉమ్మేసి నోరు కడుక్కుంది.

"మీరు దీని వాసన ఎప్పుడైనా చూశారా?" అని అడిగింది.

చూశాను. జాడీ మూత తీసినప్పుడల్లా చూశాను. చేపనూనె కదా, చేప వాసన రాదా అనుకున్నాను. నేను కాకినాడలో చేపల రేవుకు నాలుగు వీధుల అవతల పుట్టినదాన్ని. మొప్పలెత్తి ఎర్రగా ఉందో లేదో చూడకుండా మా అమ్మ ఏ చేపా కొనలేదు, నేనూ కొనలేదు. పండుగప్ప తాజాదైతే నీసు వాసన రాదు, సముద్రం వాసన వస్తుందని నాకు ఆరేళ్ల వయసులో తెలుసు. అలాంటిదాన్ని ఏడాదిగా కుళ్లిన వాసనను మందు వాసన అనుకుని మింగాను.

"ఎక్కడ పెట్టారు?" అంది ఆవిడ.

చెప్పాను. గాజు జాడీ, ఎండ, కింద హీటరు, పాతవాటి మీద కొత్తవి. ఆవిడ సీసా మూత బిగించి పక్కన పెట్టింది.

"ఇవి తింటే ఏమవుతుంది?" అని నేనే అడిగాను.

"ఎంత తింటే ఏమవుతుందో కచ్చితంగా చెప్పగలిగినవాళ్లను నేను చూడలేదు. బహుశా చాలామందికి తేన్పులు తప్ప ఏమీ కాకపోవచ్చు. కానీ మీరు బయోకెమిస్ట్రీ చదివారు. ఈ పెరాక్సైడ్లు లోపలికి వెళ్తే వాటిని విరగ్గొట్టాల్సింది ఎవరు?"

నాకు జవాబు తెలుసు. గ్లూటాథయోను, విటమిన్ ఇ, ఆ ఎంజైములు. నేను కూడికలో వేళ్లు మడిచి లెక్కపెట్టి చెప్పిన ఆ కాపలావాళ్లే. వాళ్లకు బలమిస్తుందని చెప్పి, వాళ్ల నెత్తిన రోజూ కొత్త పని పడేశాను. వినడానికి తోచినంత పెద్ద హాని జరిగిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. కానీ చెప్పిందానికి సరిగ్గా తలకిందులుగా చేశానన్నది మాత్రం ఆ నీలం చూశాక కాదనలేను.

ఇంటికొచ్చి చెప్తే మా ఆయన ముందు నవ్వారు. తర్వాత నా మొహం చూసి ఆపేశారు. "ఆఫీసులో మీటింగులో తేనుపొస్తే పక్కవాడు కుర్చీ జరుపుకునేవాడు. చెప్దామనుకున్నా. నువ్వంత నమ్మకంగా ఇస్తున్నావు, నాకేం తెలుసని ఊరుకున్నా" అన్నారు.

నాకు పాప గుర్తొచ్చింది. దానికి తొమ్మిదేళ్లు. రోజూ టిఫిన్ దగ్గర ఒక మాత్ర దాని అరచేతిలో పెట్టేదాన్ని. పిలిచి దగ్గర కూర్చోబెట్టుకుని, కడుపునొప్పి వస్తోందా అని అడిగాను. అది ఎప్పటిలాగే జర్మన్‌లో జవాబిచ్చింది.

"మామా, డీ హాబ్ ఇహ్ నీ గెష్లుక్ట్."

నేనవి ఎప్పుడూ మింగలేదమ్మా అంటోంది. లేచి వెళ్లి, హాల్లో ఉన్న పెద్ద మొక్క కుండీ దగ్గర మట్టి వేలితో తవ్వింది. లోపల నుంచి మాత్రలు బయటపడ్డాయి. కొన్ని పగిలి మట్టికి అంటుకున్నాయి, కొన్ని ఇంకా గుండ్రంగా మెరుస్తున్నాయి.

"ఎందుకే?" అన్నాను.

"పెయింట్ వాసనొస్తున్నాయి" అంది ఈసారి తెలుగులో, నాకు అర్థం కాదేమోనన్నట్టు నెమ్మదిగా. "నీకు రావట్లేదా?"

నేను కుండీ పక్కనే నేలమీద కూర్చున్నాను. బిడ్డ మింగలేదన్న సంతోషం ఒకవైపు, దాని ముక్కుకు ఉన్న బుద్ధి నా ఎమ్మెస్సీకి లేదన్న సిగ్గు ఒకవైపు. అది భయపడి, తిడతానేమోనని నా జబ్బ పట్టుకుంది. తిట్టడానికి నాకు నోరెక్కడిది.

ఆదివారం కూడికలో చెప్పేయాలని నిర్ణయించుకున్నాను. ఫోన్లో ఒక్కొక్కరికీ చెప్పొచ్చు గాని, పాఠం అందరి ముందూ చెప్పాను కాబట్టి ఇదీ అందరి ముందే చెప్పాలనిపించింది. ప్రార్థన అయిపోయి, బిర్యానీ ట్రేల మీద రేకు తీస్తుండగా లేచి నిలబడ్డాను.

"నేనిచ్చిన చేపనూనె మాత్రలు అందరూ పారేయండి. అవి పాడైపోయాయి. తప్పు కంపెనీది కాదు, నేను ఎండలో, హీటరు పైన పెట్టాను. ఇంకో సంగతి. అవి ఒంటికి బలమిస్తాయని నేను చెప్పింది సొంతగా తెలిసి చెప్పింది కాదు. డబ్బా మీద చదివి చెప్పాను. నన్ను క్షమించండి."

ఎవరో, "పోనీలే సిస్టర్, మాకేం కాలేదుగా" అన్నారు. ఇంకొకరు, "అందుకే నాకు అంత కంపు తేనుపులు!" అన్నారు. నవ్వులు. ప్లేట్లు అందుకున్నారు. ఇంత తేలిగ్గా వదిలేశారా అని నాకు ఊపిరి తిరిగింది.

కోట్లు తగిలించే వరండాలోకి వెళ్లి కళ్లు తుడుచుకుంటుంటే, పాటలు నడిపించే అన్నయ్యగారు నా వెనకే వచ్చారు. యాభై ఎనిమిదేళ్ల మనిషి, మా అందరికంటే ముందు ఈ ఊరొచ్చినవారు. మాకు ఇల్లు దొరకనప్పుడు తన పూచీ మీద ఇప్పించింది ఆయనే. తలుపు దగ్గరగా వేసి గొంతు తగ్గించారు.

"అమ్మా, మరి నేను కొలెస్ట్రాల్ మాత్ర మళ్లీ మొదలెట్టాలంటావా?"

నాకు అర్థం కాలేదు. "మొదలెట్టడమేంటండి?"

"మానేశాను కదమ్మా. అదేసుకుంటే కాళ్లు పీకేస్తున్నాయి. నిన్నడిగాను, ఈ చేపనూనె కొలెస్ట్రాల్‌కి కూడా పనిచేస్తుందా అని. మంచిదే అన్నయ్యగారూ అన్నావు. ఇంక అది మానేసి ఇవే వేసుకుంటున్నా."

"ఎప్పట్నుంచండి?"

"ఈస్టర్ ముందు నుంచి."

అప్పుడు నవంబరు. నేనలా అన్నది నాకు గుర్తే లేదు. ఎంత వెతికినా గుర్తు రాలేదు. కవరు కడుతూ, తలెత్తకుండా, ఎవరికో ఏదో జవాబు చెప్తూ అని ఉంటాను. ఆ ఒక్క మాట పట్టుకుని ఆయన ఏడు నెలలు డాక్టరు మాత్ర ముట్టుకోలేదు.

"ఆయాసం ఏమైనా వస్తోందా?" అని అడిగాను.

ఆయన తలుపు వైపు చూశారు. "మీ వదినకి చెప్పకు. స్టేషను మెట్లెక్కితే ఇక్కడ పట్టేసినట్టుంటోంది." చేయి గుండె మధ్యలో పెట్టుకున్నారు. "కాసేపు నిలబడితే పోతోందిలే."

నేను చెప్పకుండా ఉండలేదు. హాల్లోకి వెళ్లి, వదినగారిని పక్కకి పిలిచి, అప్పటికప్పుడు చెప్పేశాను. ఆవిడ చేతిలో ప్లేటు కింద పెట్టేసి ఆయన వైపు నడిచారు. నొప్పి మళ్లీ వస్తే క్షణం ఆగకుండా అంబులెన్సుకు ఫోను చేయమని చెప్పి పంపాం. సోమవారం పొద్దున ఎనిమిదింటికల్లా టెర్మిన్, అంటే ముందుగా తీసుకునే అపాయింట్‌మెంటు, లేకుండానే ముగ్గురం వాళ్ల డాక్టరు గదిలో కూర్చున్నాం. ఆ రోజుకు ల్యాబులో సెలవడిగితే, నా అధికారి ఎందుకని అడిగి, విని, "వెళ్లండి" అంది.

అన్నయ్యగారు చెప్పింది పూర్తిగా వినకుండానే డాక్టరు ఈసీజీ తీయించి, ఫోను అందుకున్నాడు. మధ్యాహ్నానికి ఆయన ఆస్పత్రి మంచం మీద ఉన్నారు. గుండెకు వెళ్లే ఒక రక్తనాళం బాగా సన్నబడిపోయిందన్నారు. మర్నాడు స్టెంటు వేశారు.

ఆ రెండు రోజులూ నేను ఏం తిన్నానో, పాపను బడి నుంచి ఎవరు తీసుకొచ్చారో నాకు తెలియదు. ఆస్పత్రి వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, 'మంచిదే అన్నయ్యగారూ' అన్న మాట నా గొంతుతో ఎలా ఉండి ఉంటుందో ఊహించుకుంటూ ఉన్నాను. అక్కడి డాక్టరును ఆపి అడిగాను కూడా, ఇదంతా మాత్ర మానినందుకేనా, పాడైన నూనె తిన్నందుకా అని. ఆయన నన్ను వింతగా చూశాడు.

"ఇది ఏడు నెలల్లో వచ్చింది కాదు, ఏళ్ల తరబడి పెరిగింది. నూనె సంగతి నేను చెప్పలేను. మాత్ర మాత్రం మానకుండా ఉండాల్సింది. కాళ్ల నొప్పులని వచ్చి చెప్పుంటే వేరే మందు ఇచ్చేవాళ్లు."

వదినగారు పక్క కుర్చీలోనే ఉన్నారు. బేకరీలో తెల్లారగట్ల డ్యూటీ ముగించుకుని నేరుగా వచ్చారు, నల్లటి యాప్రాన్ ఇంకా సంచిలోంచి బయటికి వేలాడుతోంది. డాక్టరు వెళ్లాక నా వైపు తిరిగారు.

"ఆ మాత్ర మానెయ్యమని నువ్వు చెప్పావా?"

"లేదండి."

"మానొద్దని చెప్పావా?"

అసలు ఆయన ఏ మందులు వాడుతున్నారో నేను ఎప్పుడూ అడగలేదు. ఎవరినీ అడగలేదు. పదిహేను ఇళ్లకు కవర్లు పంచాను, ఒక్కరినీ ఆ ప్రశ్న అడగలేదు.

"చెప్పలేదండి" అన్నాను.

ఆవిడ తల ఊపి, మొహం పక్కకు తిప్పుకున్నారు. అరిచుంటే తట్టుకునేదాన్ని. ఆ తల ఊపడం మాత్రం నన్ను చాలా రోజులు వెంటాడింది.

అన్నయ్యగారు వారంలోపే ఇంటికొచ్చారు. మూడు ఆదివారాల తర్వాత కూడికకు వచ్చి, కూర్చున్నచోటి నుంచే పాట ఎత్తుకున్నారు. నన్ను చూసి మామూలుగానే "వందనాలమ్మా" అన్నారు. కాళ్లు పీకని కొత్త మాత్ర ఇచ్చారట. వదినగారు మాత్రం నాతో మాట్లాడలేదు. ప్లేటు అందించేవారు, నా మొహం చూసేవారు కాదు. క్రిస్మస్ అలాగే గడిచింది, చలికాలమంతా అలాగే గడిచింది. నన్ను డాక్టర్ సిస్టర్ అనడం అందరూ వాళ్లంతట వాళ్లే మానేశారు. ఆ పిలుపు పోయినందుకు నాకు బాధ వేసిందని ఒప్పుకోవడానికి సిగ్గేసేది, కానీ వేసింది.

మార్చిలో ఒక సాయంత్రం ఎస్‌బాన్ రైలు దిగి ఇంటికి నడుస్తుంటే ఫోను మోగింది. వదినగారు. భయంతో అక్కడే రోడ్డు పక్కన ఆగిపోయాను.

"ఆయనకేం కాలేదు, కంగారుపడకు" అన్నారు ముందుగానే. కాస్త ఆగి, "ఇండియా నుంచి ఎవరితోనో పసుపు మాత్రలు తెప్పించుకున్నారు. గుండెకి మంచిదంట. వేసుకోవచ్చా?"

పసుపు గురించి నాకు చెప్పగలిగింది చాలా ఉంది. నోటిదాకా వచ్చింది కూడా.

"నాకు తెలియదు వదినగారూ. ఆయన వాడే మందులన్నీ రాసుకుని డాక్టరుగారిని అడుగుదాం. నేను టెర్మిన్ తీసుకుంటాను, మీతో వస్తాను. అప్పటిదాకా ఆ డబ్బా తెరవనివ్వకండి."

అవతల బేకరీ గంట మోగినట్టుంది. ఆవిడ ఎవరికో జర్మన్‌లో ఏదో జవాబు చెప్పి మళ్లీ ఫోన్లోకి వచ్చారు.

"బుధవారం అయితే నాకు సెలవు" అన్నారు.